ఎల్‌సీ ఎవరి దగ్గరుంది?

"నలభై మెగావాట్లకి మూడు దేశాలు, ఇంత హడావుడీనా?" అని మా బావ పేపరు మడిచి బల్ల మీద పడేశాడు. నేపాల్ కరెంటు మన దేశం మీదుగా బంగ్లాదేశ్‌కి వెళ్తోందన్న వార్త అది. బావ లెక్కలో తప్పేం లేదు. మన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 120 మెగావాట్లు, ఇది అందులో మూడో వంతు. అది కూడా ఏడాది పొడుగునా కాదు, జూన్ 15 నుంచి నవంబరు 15 దాకా, నేపాల్ నదులు నిండుగా పారే ఐదు నెలలే. దానికోసం 2024 అక్టోబరు 3న ఖాట్మండులో మూడు దేశాల సంస్థలు కూర్చుని సంతకాలు పెట్టాయి, నవంబరు 15న ఒక్క రోజు స్విచ్ వేసి చూపించాయి, అసలు సరఫరా మరుసటి ఏడు జూన్‌లో గానీ మొదలవలేదు. టీ కొట్టు దగ్గర అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ నలభైని కాదు బావా, ఆ కాగితాన్ని చూడు అందామనుకున్నాను. ఈలోగా పెసరట్లు వచ్చేశాయి, మాట ఎన్నికల్లోకి పోయింది. అప్పుడు మింగేసిన మాట ఇప్పుడు ఇక్కడ కక్కుతున్నాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందే చెప్తున్నాను, నేను ఇంజనీరుని కాను. టవర్ లైన్లు వేసే కాంట్రాక్టరు దగ్గర ఆరేళ్ళు సైటు సూపర్‌వైజరుగా చేశాను, అందులో సగం రోజులు రైతుల ఇళ్ళ అరుగుల మీద కూర్చుని సంతకాలు అడగడానికే సరిపోయాయి. మా చిన్నాన్న మాత్రం అసలు సిసలు లైన్‌మ్యాన్, ముప్పై ఏళ్ళ పైన స్తంభాలెక్కినవాడు. నాకు తెలిసిన దాంట్లో పుస్తకాల్లోది కొంత, మిగతాదంతా ఆయన తిట్లలోంచి వచ్చిందే.

మాది పాతపట్నం. నాలుగడుగులేస్తే పర్లాకిమిడి, అంటే ఒడిశా. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, మేం మద్రాసులో ఉండిపోయాం. సంబంధాలు, సంతలు, ఆసుపత్రులు అన్నీ కలిసే నడుస్తాయి, తీగలు మాత్రం వేరు. గ్రిడ్ అంటే కరెంటు కేంద్రాల్నీ ఊళ్ళనీ కలిపే తీగల వల. మేం దక్షిణ గ్రిడ్, వాళ్ళు తూర్పు గ్రిడ్. అదేదో ఆఫీసుల గొడవ, మనకెందుకులే అనుకునేవాణ్ణి, 2012 జులై 31 దాకా.

ఆ రోజు మధ్యాహ్నం భువనేశ్వర్‌లో ఉంటున్న మా అక్క ఫోన్ చేసి, "ఒరే, ఇక్కడ కరెంటు లేదురా, రైళ్ళు కూడా ఆగిపోయాయంట, మీకుందా?" అని అడిగింది. మా నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ముందు రోజే ఉత్తర గ్రిడ్ ఒకసారి కూలింది. 31న ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ కలిసి కూలాయి, దాదాపు 62 కోట్ల మంది చీకట్లో పడ్డారు. అసలే ఒత్తిడి మీదున్న వ్యవస్థలో బీనా–గ్వాలియర్ 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) లైను ట్రిప్పవడంతో, అంటే దానంతటదే ఆగిపోవడంతో మొదలై, ఒకదాని వెనక ఒకటి పేకముక్కల్లా పడిపోయాయి. మన దక్షిణం బతికిపోయింది, ఎందుకంటే అప్పటికి మనం మిగతా దేశంతో ఒకే చక్రంలా తిరగడం లేదు. తూర్పుకీ మనకీ మధ్య గాజువాకలో ఒక స్టేషన్ ఉంది. అటు నుంచి వచ్చే ఏసీ కరెంటుని అక్కడే డీసీగా మార్చి, మళ్ళీ ఏసీ చేసి ఇటు పంపిస్తుంది. రెండు వైపులా ఫ్రీక్వెన్సీ, అంటే ఏసీ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, కలవాల్సిన పని లేదు. అటు కూలినా ఇటు కూలదు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. చూశావా, విడిగా ఉంటేనే మంచిది, పక్కవాడితో పెట్టుకుంటే మనకే ముప్పు అంటారు. సరే, ఆ 2012లో మన బతుకు గుర్తుందా? కోతల మీద కోతలు, పరిశ్రమలకి పవర్ హాలిడేలు. ఉత్తరాన కరెంటు మిగిలున్నా ఇటు తెచ్చుకోవడానికి చాలినన్ని లైన్లు లేవు. మనల్ని ఆ ఒక్క మధ్యాహ్నం కాపాడిన గోడే ఏడాదంతా ఆకలితో చంపింది. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైను కలిపాక గానీ దేశమంతా ఒకే గ్రిడ్ కాలేదు. ఇప్పుడు ఒడిశాలోని అంగుల్ నుంచి శ్రీకాకుళం మీదుగా కిందికి 765 లైను పోతోంది, హైవే మీద వెళ్తూ తలెత్తితే ఆ టవర్లు కనిపిస్తాయి. కలవాలా వద్దా అన్న ప్రశ్న అయిపోయినట్టే. కలిశాక ఎవరి మాట ఎవరు వినాలి అన్నదే ఇప్పుడు మిగిలింది.

దానికి మా చిన్నాన్న దగ్గర ఒక మాటుంది: ఎల్‌సీ. లైన్ క్లియర్. స్తంభమెక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఫలానా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను) మీద ఎల్‌సీ ఇవ్వండి అని అడగాలి. షిఫ్ట్ ఆపరేటర్ బ్రేకర్ (లైనుకి కరెంటు ఆపే పెద్ద స్విచ్) తీసి, పుస్తకంలో పేరు, టైము రాసుకుని, ఇచ్చాను అని చెప్తాడు. పనయ్యాక ఎవరు తీసుకున్నారో వాళ్ళే ఫోన్ చేసి తిరిగివ్వాలి. పక్కనున్నవాడు, పై ఆఫీసరు, ఆఖరికి మినిస్టరు వచ్చినా సరే, ఇంకొకరు ఇవ్వడానికి వీల్లేదు. "నాను తీసిన ఎల్‌సీ నానే ఇయ్యాల. మా బాబొచ్చి సెప్పినా ఆడు లైను ఒగ్గకూడదు" అనేవాడు. చదివింది ఎనిమిదో తరగతి, కానీ అంతర్జాతీయ విద్యుత్ ఒప్పందాల మీద ఇంతకంటే సూటిగా రాసినదేదీ నేను చూడలేదు.

తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ ఎల్‌సీ విలువ కళ్ళారా చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడిపోయాయి, స్తంభాలైతే లెక్కే లేదు. వేరే జిల్లాల నుంచి లైన్‌మ్యాన్‌లు లారీల్లో దిగారు. ఆళ్ళకి మన ఊళ్ళు తెలీవు, ఏ లైను ఏ ఫీడరో తెలీదు. మా చిన్నాన్న ఒక గ్యాంగుకి దారి చూపించడానికి వెళ్ళాడు, నేను వాళ్ళకి అన్నం క్యారియర్లు మోశాను. ఒకచోట లైను కింద పడుంది, ఊళ్ళో వారం నుంచి కరెంటు లేదు, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీసే ఉంది. బయటి జిల్లా కుర్రాడు తీగ పట్టుకోబోయాడు. చిన్నాన్న అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పక్క సందులో ఒక కిరాణా కొట్టువాడు జనరేటరు పెట్టుకుని, బయటి లైనుని విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి మీటరుకే కలిపేశాడు. ఆ కరెంటు వెనక్కి తన్ని, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి, చచ్చిన లైనులోకి వచ్చి కూర్చుంది. మన వైపు అంతా ఆపే ఉంది, అటు వైపు ఒకడు తెలియక ఒదిలాడు. చిన్నాన్న ముందు తీగలో కరెంటుని నేలలోకి దింపే ఎర్త్ రాడ్డు తగిలించి, కొట్టు దగ్గరికి నడిచెళ్ళి, ఆ జనరేటరు ఆపించి, కొట్టువాణ్ణి చెడామడా తిట్టి, అప్పుడు బీడీ వెలిగించాడు.

రెండు దేశాల మధ్య తీగ వేయడమంటే నాకు ఇదే గుర్తొస్తుంది. అటు చివర ఉన్నవాడు ఏం చేస్తున్నాడో ఇటు చివరవాడికి తెలియాలి. తెలియడానికి స్నేహం అక్కర్లేదు, పుస్తకం కావాలి.

స్నేహం అక్కర్లేదు అన్నది ఊరికే అనలేదు, మాచ్‌ఖండ్‌ని చూసి అంటున్నాను. స్వాతంత్ర్యానికి ముందే మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు మాట్లాడుకుని మొదలుపెట్టిన పని, 1955లో కరెంటు ఇచ్చింది. పవర్‌హౌస్ ఒడిశా నేల మీద ఉంటుంది, నడిపేది మన వాళ్ళు. వాటా మొదట మనకి 70, వాళ్ళకి 30, తరవాత్తరవాత సగం సగమైంది. అదే నది కింద సీలేరవుతుంది, ఆ దారిలో బలిమెల నీళ్ళు కూడా చెరిసగం. ఈలోగా ఇవే రెండు రాష్ట్రాలు కొటియా దగ్గర 21 పల్లెల కోసం కొట్టుకుంటూనే ఉన్నాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్తే, 2006 దాకా నడిచి, ఎక్కడివాళ్ళక్కడే ఉండండి అన్నట్టు తేలింది. వంశధార మీద నేరడి బ్యారేజీ సంగతి చెప్పక్కర్లేదు. 1962లో నీళ్ళు సగం సగం అనుకున్నాం, 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పిచ్చారు, ఒడిశా వైపు కావలసింది 106 ఎకరాలు, ఇంకా బ్యారేజీ లేదు. ఇన్ని తగువుల మధ్యా మాచ్‌ఖండ్‌లో టర్బైన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకు? కొటియా తేలాకే కరెంటు పంచుకుందాం అని ఎవరూ అనలేదు కాబట్టి. ఆ తగువు ఆ గదిలో, ఈ లెక్క ఈ గదిలో. సరిహద్దు తేలేదాకా ఆగుంటే మా తాతల కాలంలో రావలసిన కరెంటు మా మనవలకి కూడా వచ్చేది కాదు.

ఇలాంటిదే పెద్దది, బ్రెజిల్–పరాగ్వే మధ్య ఇటైపు. 1973లో ఒప్పందం, 14,000 మెగావాట్లు, చెరిసగం. తమాషా ఏంటంటే బ్రెజిల్ కరెంటు ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్, పరాగ్వేది 50. నీ పద్ధతి మార్చుకో అంటే నీ పద్ధతి మార్చుకో అని దెబ్బలాడుకోకుండా, ఇరవై టర్బైన్లలో పది దీనికి, పది దానికి పెట్టేశారు. పరాగ్వే అంత చిన్న దేశం తన సగం తాను వాడుకోలేదు, మిగిలింది బ్రెజిల్‌కే అమ్ముతుంది, ఆ ధర దగ్గర మాత్రం ఏళ్ళ తరబడి మాకు అన్యాయం జరిగిందని మొత్తుకుంటూనే ఉంది. డ్యామ్ కట్టడం ఇంజనీర్లు తేల్చేశారు, ధర రాజకీయ నాయకులు ఇంకా తేలుస్తున్నారు.

నేపాల్‌కి వద్దాం. అక్కడ ఒకప్పుడు చలికాలంలో రోజుకి 16, 18 గంటలు కోత. ఊహించుకోండి, హిమాలయాల నీళ్ళు మెళ్ళో వేసుకున్న దేశం! వానాకాలంలో నదులు పొంగితే కరెంటు మిగిలిపోతుంది, చలికాలంలో నదులు చిక్కితే చాలదు. ఆనకట్టలో నీళ్ళు నిలవబెట్టే ప్రాజెక్టులు తక్కువ, పారే నీటి మీద తిరిగేవే ఎక్కువ. మన దగ్గరేమో ఎండాకాలం, వానాకాలపు ఉక్కపోతలోనే వాడకం ఎక్కువ. ఒకరికి మిగిలినప్పుడు ఇంకొకరికి కావాలి, దేవుడే జత కలిపినట్టుంది. 2016లో నేపాల్‌లోని ధల్కేబర్ నుంచి బీహార్‌లోని ముజఫర్‌పూర్‌కి లైను మొదలైంది. 400 కేవీకి కట్టిన లైను మీద మొదట 132 కేవీతో 80 మెగావాట్లే పంపారు, ఆరులేన్ల రోడ్డు వేసి సైకిళ్ళు నడిపినట్టు. అయినా ఆ 80 నేపాల్‌కి ప్రాణం పోసింది. 2021 నవంబరు నుంచి అదే తీగ మీద నేపాల్ మన కరెంటు మార్కెట్‌లో అమ్ముకోవడం కూడా మొదలుపెట్టింది.

బంగ్లాదేశ్‌కీ నేపాల్‌కీ మధ్య ఉన్నది ఇరవై పాతిక కిలోమీటర్ల మన నేల, సిలిగురి దగ్గరి సన్నటి మెడ. ఆ మెడ దాటడానికి కరెంటు ముజఫర్‌పూర్ వచ్చి, అక్కణ్ణుంచి బెంగాల్లో బహరంపూర్ వెళ్ళి, భేరామారా దగ్గర బంగ్లాదేశ్‌లో దిగుతుంది. (మా వాళ్ళకి బరంపురం అంటే గంజాం బరంపురమే, ఇది వేరే.) ఆ భేరామారాలో ఉన్నదీ మన గాజువాక లాంటి స్టేషనే, ఏసీని డీసీ చేసి మళ్ళీ ఏసీ చేసేదే, 2013లో పెట్టారు. అంటే తీగా ఉంది, స్టేషనూ ఉంది, కరెంటూ ఉంది. 40 మెగావాట్లు 2024 దాకా ఎందుకు ఆగాయి? మన దేశం 2016లో రాసుకున్న నియమాలు అంత బిగువుగా ఉన్నాయి కాబట్టి. నేపాల్, భూటాన్ గొణిగాక 2018లో సడలించారు, తరవాత యూనిట్ 6.4 అమెరికన్ సెంట్లని ధర, మన లైను వాడుకున్నందుకు కిరాయి, దారిలో పోయే నష్టం ఎవరి ఖాతాలో రాయాలి, ఇవన్నీ తేలాలి. అందుకే బావతో నలభైని చూడకు అందామనుకున్నది. ఇప్పుడు ఆ పుస్తకం రాసి పెట్టారు. రేపు నాలుగొందలు పంపాలన్నా అదే పుస్తకం.

పుస్తకం సరిగ్గా లేకపోతే ఏమవుతుందో యూరప్‌ని అడగండి. 2018 జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ఓవెన్ల మీద, గోడల మీద గడియారాలు నెమ్మదిగా వెనకబడుతూ వచ్చాయి, చివరికి ఆరు నిమిషాల దాకా. 25 దేశాల్లో! జనం బస్సులు తప్పిపోయాక గానీ సంగతి బయటపడలేదు. కొసోవో, సెర్బియా మధ్య ఎవరి ఇలాకా ఎవరిదన్న తగువులో కొసోవో తనకి కావలసినంత కరెంటు తయారు చేయలేదు, ఆ లోటు పూడ్చాల్సిన సెర్బియా పూడ్చలేదు. మొత్తం 11.3 కోట్ల యూనిట్లు తగ్గాయి. ఫ్రీక్వెన్సీ 50కి రవ్వంత కిందికి, 49.996 దగ్గర తిరిగింది, దాన్ని నమ్ముకున్న గడియారాలన్నీ వెనకబడ్డాయి. ఇద్దరు పక్కింటివాళ్ళు మాట్లాడుకోకపోతే ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల ఇంకొకడు ఆఫీసుకి లేటయ్యాడు.

ఎవరితోనూ కలవని దేశం సుఖంగా ఉందా అంటే, 2025 ఫిబ్రవరి 9న శ్రీలంకలో పానదుర సబ్‌స్టేషన్‌లోకి ఒక కోతి దూరిందని దేశమంతా చీకటైంది. మనకీ వాళ్ళకీ సముద్రం కింద తీగ వేయాలన్న మాట నా చిన్నప్పటి కంటే ముందు నుంచి ఉంది.

ఇక అసలు అభ్యంతరం. దీన్ని నేను తేలిగ్గా తీసేయను. పక్కవాడి చేతిలో స్విచ్ పెడితే రేపు కోపమొచ్చి ఆపేస్తే? నేపాల్ వాళ్ళు 2015ని మర్చిపోలేదు, సరిహద్దులో ఇంధన ట్యాంకర్లు ఆగిపోయి నెలల తరబడి గ్యాస్ బండల కోసం అల్లాడారు. ఎవరు ఆపారన్న దాని మీద అటొక మాట, ఇటొక మాట. తమాషా చూడండి, నాలుగేళ్ళు తిరగకుండా 2019లో మోతీహారీ నుంచి అమ్లేఖ్‌గంజ్‌కి 69 కిలోమీటర్ల పైపులైను ఆ రెండు దేశాలే వేసుకున్నాయి. జార్ఖండ్‌లోని గొడ్డా నుంచి బంగ్లాదేశ్‌కి వెళ్ళే 1600 మెగావాట్ల దగ్గర 2024లో బకాయిలు పేరుకుని సరఫరా సగానికి పడింది. అటు వాళ్ళు ధరే ఎక్కువంటారు, ఇటు వాళ్ళు వాడుకున్నదానికి డబ్బేదంటారు.

నా మాట సూటిగా చెప్తాను. ఈ వ్యవహారాల్లో పెద్దన్న మనమే, కాబట్టి ఎక్కువ ఒదగాల్సింది కూడా మనమే. మధ్యలో నేల మనది, మార్కెట్ మనది, నియమాలు రాసే కలం మనది. చైనా డబ్బుతో కట్టిన ప్రాజెక్టు కరెంటు కొనం అని నేపాల్‌కి చెప్పాం. సరిహద్దు భద్రత నాకు అర్థమవుతుంది, ఆ నియమం అక్కర్లేదని కూడా అనను. కానీ అలాంటి షరతు డ్యామ్ కట్టక ముందు చెప్పాలి, కట్టి అప్పు నెత్తినెత్తుకున్నాక కాదు. పెళ్ళిచూపుల్లో చెప్పాల్సిన మాట పీటల మీద చెప్తే ఎలా? భూటాన్‌తో మనం బాగానే చేశాం, చుఖా జలవిద్యుత్ కేంద్రం, 336 మెగావాట్లు, 1980ల్లోనే మన డబ్బుతో కట్టి మనమే కొనుక్కున్నాం, వాళ్ళ ఖజానా నిండింది. అదే భూటాన్‌లో పునత్సంగ్‌చు మొదటి జలవిద్యుత్ ప్రాజెక్టు 2008లో మొదలెట్టి, 2013లో కొండ జారి, ఏళ్ళకేళ్ళు ఈడ్చింది. కొండ జారితే ఖర్చెవరిది, ఆలస్యమైతే వడ్డీ ఎవరు కట్టాలి అన్నది సంతకాల రోజునే అడగాలి. శుభమా అని పని మొదలెడుతుంటే ఇవేం మాటలు అంటారు. నేను సైటులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

రాతకోతలు ముందు, గోతులు తరవాత. సైటులో మేం సరిగ్గా తిరగేసి చేసేవాళ్ళం. ఒకసారి మందస వైపు మా పిన్ని వాళ్ళ జీడితోట మీదుగా లైను పడింది, పేరు చెప్పను, నా కాంట్రాక్టరు పనే. సంతకం పెట్టించింది నేనే. చెట్లు కొట్టేశారు, టవర్ లేచింది, తీగ లాగారు, కరెంటు పారింది. నష్టపరిహారం ఫైలు మాత్రం ఒక ఆఫీసులోంచి ఇంకో ఆఫీసుకి మూడేళ్ళు నడిచింది. కేంద్రం 2015లోనే టవర్ కాళ్ళ కింద నేలకి భూమి విలువలో 85 శాతం, తీగల కింది నేలకి 15 శాతం దాకా అని రాసింది, 2024లో దాన్ని 200, 30 చేసింది. కాగితం మీద ఉంది, పిన్ని చేతికి రావడానికే మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. నేపాల్‌లో ఖిమ్తి–ధల్కేబర్ లైను సింధులి దగ్గర ఊరివాళ్ళు అడ్డం పడి ఏళ్ళ తరబడి ఆగిపోయిందని చదివినప్పుడు, ఎవరో అభివృద్ధి నిరోధకులని నాకనిపించలేదు, మా పిన్నే కనిపించింది. రెండు రాజధానుల మధ్య ఎంత బాగా మాట్లాడుకున్నా, మధ్యలో ఒక జీడితోటతో మాట్లాడకపోతే తీగ అక్కడే తెగుతుంది.

2014 నవంబరులో ఖాట్మండులోనే సార్క్ దేశాలన్నీ కలిసి కరెంటు సహకారం మీద ఒక ఒప్పందం చేసుకున్నాయి, పాకిస్తాన్‌తో సహా. చదివితే బాగుంటుంది. పదేళ్ళయ్యాక చూస్తే దక్షిణాసియాలో కదిలిన కరెంటంతా ఇద్దరిద్దరు చేసుకున్న చిన్న చిన్న కాగితాల మీదే కదిలింది, ముగ్గురు కూర్చున్నది ఈ నలభై దగ్గరే. ఎనిమిది దేశాల పెద్ద కాగితం కంటే ముగ్గురి చిన్న పుస్తకం మీదే నాకు నమ్మకం. అందులో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఎంత సేపట్లో ఎత్తాలో, మీటరు ఎవరు చదవాలో, తేడా వస్తే ఏ ఊళ్ళో కూర్చుని తేల్చుకోవాలో ఉంటుంది.

మా చిన్నాన్న రిటైరై ఐదేళ్ళయింది. మొన్న రాత్రి గాలివానకి కరెంటు పోతే అలవాటుగా డాబా ఎక్కాడు, వెనకాల నేనూ ఎక్కాను. మా ఊళ్ళో ఎవరైనా అంతే, కరెంటు పోతే ముందు పర్లాకిమిడి వైపు చూస్తారు. అక్కడ దీపాలు వెలుగుతున్నాయి. "ఆళ్ళకుంది" అన్నాడు. కాసేపు నిలబడి, "మనోడెవడో ఎల్‌సీ తీసుంటాడు, ఈ వానలో పైకెక్కినాడేమో" అని, ఫోన్ తీసి సబ్‌స్టేషన్ నంబరు కొట్టాడు.